సైన్యము విడిచిన చక్రములు



నా చిన్నతనమున మా ఊరి రహదారి ప్రక్కన ఒక పంక్చరు దుకాణ ముండెడిది. లారీ చక్రమునకు గాలి పట్టించు సమయమున అచటి మేస్త్రి పిల్లలనందరిని దూరముగా తరిమివేయుచుండెను. ఆయన కోపిష్ఠి యని మేము తలచెడివారము. ఒకనాడు చక్రమునకున్న ఇనుప రింగు సరిగా కూర్చొనక, ఫిరంగి ప్రేలినట్లు శబ్దము చేసి ఎగిరి, దుకాణపు రేకును చీల్చుకొని పోయినది. ఆ క్షణమున మేస్త్రి వాల్వు ప్రక్కన లేడు. మంచినీళ్లు త్రాగుటకు కడవ దగ్గరకు పోయియుండెను. ఆ దాహమే అతని ప్రాణమును కాపాడినది. టైరులోని గాలి వట్టి గాలి గాదని నాకు తెలిసినది ఆ దినముననే.

ఈ సంగతి నేడు జ్ఞప్తికి వచ్చుటకు కారణ మొకటి కలదు. అమెరికా దేశమున స్థిరపడిన మన తెలుగు కుటుంబముల యువకులు కొందరు సెలవు దినములలో ఎడారులకు, కొండదారులకు పోవు ట్రక్కులపై మక్కువ పెంచుకొనుచున్నారు. అటువంటివారిలో ఒకరు, సైన్యము అమ్మివేసిన చక్రములు చౌకగా దొరకుచున్నవి, తీసికొనవచ్చునా యని నన్నడిగిరి. ఆ ప్రశ్నకు చెప్పిన సమాధానమునే కొంత విస్తరించి ఇపుడు మనవి చేయుచున్నాను.

ముందుగా టైరు చక్రమును ఎట్లు పట్టుకొని యుండునో చూతము. మన ఎడ్లబండి చక్రమునకు ఇనుప పట్టా వేయునపుడు కమ్మరి దానిని ఎర్రగా కాల్చి, పూటీలపై దిగగొట్టి, నీళ్లు పోయును. చల్లారిన పట్టా బిగిసి చక్రమును గట్టిగా పట్టుకొనును. మోటారు టైరునకు అట్టి బిగింపు లేదు. టైరు లోపలి అంచున ఉక్కుతీగల కట్టతో కూడిన దళసరి భాగ మొకటి యుండును. దానిని బీడ్ అందురు. లోపలి గాలి ఈ రెండు బీడ్లను రిమ్ము చెక్కిళ్లకు వేసి నొక్కుచుండును. టైరును నిలుపు చేయి గాలియే. గాలి తగ్గినకొలది ఆ చేయి సడలును.

రహదారిపై పోవువారికి దీనివలన చిక్కు లేదు. ఇసుకలో పోవువాని సంగతి వేరు. ఒక చక్రముపై 2,000 పౌన్ల బరువు పడుచున్నదనుకొందము. టైరులో చదరపు అంగుళమునకు 40 పౌన్ల ఒత్తిడి యున్నచో, నేలను తాకు భాగము రమారమి 50 చదరపు అంగుళములు. ఒత్తిడిని 10 పౌన్లకు దించినచో, అది రమారమి 200 చదరపు అంగుళము లగును. ఒంటె పాదము వెడల్పై ఇసుకలో దిగబడనట్లే, మెత్తబడిన టైరు ఇసుకపై తేలి నడచును. రాతిపై నడచునపుడు రాయి ఆకారమునకు లొంగి పట్టు చిక్కించుకొనును. కావున ఎడారిబాట పట్టువా డెవడైనను గాలి తీయక తప్పదు. కాని అదే సమయమున బీడ్‌ను పట్టియుంచు చేయి సడలినది. మలుపు తిరుగునపుడు టైరు ప్రక్కకు ఒరిగి రిమ్మును విడిచిపోవచ్చును. లేక చక్రము తిరిగి, టైరు నిలిచిపోయి, ట్యూబు వాల్వు తెగిపోవచ్చును. గాలి తీయవలెను, టైరు ఊడరాదు. ఈ రెంటిని కలుపు ఉపాయమే బీడ్‌లాక్ చక్రము, అనగా బీడ్‌ను గాలిపై ఆధారపడకుండ ఇనుముతోనో రబ్బరుతోనో బిగించియుంచు చక్రము.

సైన్యములకు దీని అవసరము మొదట కలిగినది. రెండవ ప్రపంచయుద్ధమున అమెరికా సైన్యమువారి జీపులకు ఆరంభమున 4 అంగుళముల వెడల్పు గల సామాన్యపు రిమ్ములుండెను. తరువాత 4.50 అంగుళముల వెడల్పు గల రెండు ముక్కల చక్రము వచ్చెను. దానిని కాంబాట్ చక్రము అనిరి. చక్రమును నిలువున రెండు పళ్లెములుగా చేసి, నడుమ 6.00-16 పరిమాణపు టైరు నుంచి, 8 నట్టులతో రెంటిని కలిపి బిగించెడివారు. టైరు లోపల రెండు బీడ్ల నడుమ ఒక ఉక్కు వలయము ఇమిడి యుండెడిది. పళ్లెములు దగ్గరకు వచ్చినకొలది, బీడ్లు వలయమునకు రిమ్మునకు నడుమ చిక్కి కదలలేకపోయెడివి. తుపాకి గుండు తగిలి గాలి యంతయు పోయినను టైరు ఊడక, బండి అపాయస్థలమును దాటి పోగలుగుట దీని ముఖ్యోద్దేశము. నేలపైనను నీటిపైనను నడచు డక్ అను వాహనమునకు 11.00-18 టైరులు వేసి, డ్రైవరు తన చోటినుండియే గాలి తగ్గించుటకు హెచ్చించుటకు ఏర్పాటు చేసిరి. ఇసుక తీరమున గాలి తగ్గించి ఒడ్డెక్కి, గట్టినేల రాగానే తిరిగి నింపుకొనెడివారు.

యుద్ధము ముగిసిన పిమ్మట మన దేశమునను మిలిటరీ డిస్పోజల్సు అను మాట ఊరూర వినబడినది. పెద్దవారికి జ్ఞాపక ముండియే యుండును. అట్లే 1983లో అమెరికా సైన్యము ఏ.ఎం. జనరల్ సంస్థకు తయారీ బాధ్యత నొప్పగించిన హంవీ అను వాహనములు, కాలము తీరిన పిమ్మట వేలమునకు వచ్చినవి. 2014 డిసెంబరు మొదలు సామాన్య పౌరులును వాటిని కొనగలుగుచున్నారు. వాటితోపాటు వాటి చక్రములు విడిగా బజారులో చేరినవి. నేడు ఎక్కువగా చర్చకు వచ్చునవి ఈ హంవీ చక్రములే.

హంవీ చక్రము ఉక్కుతో చేసినది, వ్యాసము 16.5 అంగుళములు, వెడల్పు 8.25 అంగుళములు. ఇదియు రెండు ముక్కలే. కొన్నింటికి 12, తరువాతి వాటికి 24 బిగింపు బోల్టులుండును. రెంటి నడుమ గాలి పోకుండ సన్నని రబ్బరు వలయము అమరియుండును. టైరులోపల బరువైన రబ్బరు చక్రము వంటి దొకటి కలదు. దీనిని రన్‌ఫ్లాట్ అందురు. ఇది రెండు పనులు చేయును. గాలి పోయినపుడు బండి బరువును మోయుట మొదటిది. రెండు బీడ్లను ఇరుప్రక్కలకు నొక్కి బిగించియుంచుట రెండవది. ఈ రెండవ పనిని మరువవలదని కోరుచున్నాను. మనము చెప్పుకొనబోవు విషయమంతయు దీనిపైననే ఆధారపడియున్నది.

పేర్ల విషయమున ఒక భ్రమను తొలగింపవలసియున్నది. లారీ చక్రములకు ప్రక్కన ఇనుప రింగు బిగించు పద్ధతి మన మెరిగినదే. దానినిచూచి కొందరు అదియు బీడ్‌లాక్ అనుకొందురు. అది టైరు ఎక్కించుటకు దించుటకు అనుకూలముగా చేసిన ఏర్పాటు మాత్రమే. అందు బీడ్‌ను పట్టునది గాలియే. ఇక పందెపు బండ్లకు బయటివైపున వరుసగా బోల్టులు గల వలయము నొకదానిని బిగింతురు. అది నిజమైన బీడ్‌లాకే కాని, వెలుపలి బీడ్‌ను మాత్రమే పట్టును. సైన్యపు చక్రములు లోపలి బీడ్‌ను వెలుపలి బీడ్‌ను రెంటిని పట్టును. వాటి గొప్పతన మదియే.

ఇక ఎంపిక. చక్రము కొనబోవునపుడు ధర అడుగుటకు ముందు కొలబద్ద తీయవలెను. హంవీ చక్రమునకు హబ్బుపై బిగించు రంధ్రములు 8, అవి 6.5 అంగుళముల వ్యాసము గల వృత్తముపై నున్నవి. అమెరికా ఒక టన్ను ట్రక్కులు పెక్కింటికి ఇదే కొలత యగుటచేతనే వీటికి ఇంత గిరాకి. కాని రంధ్రములు కలిసినంతమాత్రమున చక్రము కుదిరినట్లు గాదు. హంవీ హబ్బులలో పళ్లచక్రములుండును. హబ్బు చక్రపు గర్భములోనికి చొచ్చుకొనియుండును. అందుచేత ఆ చక్రమున బిగింపు ముఖము బాగుగా వెలుపలికి, లోపలి అంచునుండి సుమారు 7 అంగుళముల దూరమున నుండును. దానిని సామాన్యపు ట్రక్కునకు బిగించినచో టైరు లోపలికి పోయి స్ప్రింగుపట్టాలను, స్టీరింగు కడ్డీలను ఒరయును.

రెండవ కొలత వ్యాసము. 16.5 అంగుళముల రిమ్ములో బీడ్ కూర్చుండు చోటు 15 డిగ్రీల వాలు గలిగియుండును. 16 అంగుళముల రిమ్ములో ఆ వాలు 5 డిగ్రీలే. అర అంగుళపు భేదమే కదాయని 16 అంగుళముల టైరును 16.5 రిమ్మునకు ఎక్కింపజూచుట ప్రాణాంతకము. బీడ్ తన స్థానమున కూర్చొనదు. కూర్చొనలేదని మరికొంత గాలి పట్టింతురు. చివరకు బీడ్ తీగలు తెగి టైరు ప్రేలును. అందుచేత రిమ్ముపై అచ్చొత్తిన అంకెను, టైరుపైనున్న అంకెను రెంటిని కంటితో చదివి సరిచూచుకొనవలెను. అమ్మువాని మాటను ఆధారముగా గొనరాదు. 16.5 పరిమాణపు టైరులు నేడు బజారులో బహు కొద్ది రకములే దొరకునని గూడ ఎరిగియుండవలెను. చౌకగా చక్రము కొని, టైరులకై దేశమంతయు గాలించినచో లాభమేమి?

మూడవది చక్రపు ఆరోగ్యము. బోల్టు రంధ్రముల చుట్టును, మధ్యపళ్లెము అతుకు వెంటను రంగు గీకి, పగుళ్లకై వెదుకవలెను. స్టడ్డుల మరలు అరిగినవేమో, రెండు ముక్కలు కలియు ముఖములు తుప్పుపట్టి గుంటలు పడినవేమో చూడవలెను. బోల్టులు 12 ఉన్నదానికంటె 24 ఉన్నది దొరకినచో అదే మేలు; భారము ఎక్కువ చోట్ల పంచుకొనబడును. పగిలిన రిమ్మును వెల్డింగుతో అతికి వాడుట ఎన్నడును పనికిరాదు. అట్టి చక్రమును పాత ఇనుము క్రింద అమ్మివేయవలసినదే.

ఇంతవరకు ఎంపిక. ఇక మార్పులు. కొన్నవాడు సాధారణముగా చేయు మొదటి మార్పు, లోపలి రబ్బరు రన్‌ఫ్లాట్‌ను తీసి పారవేయుట. అది మిక్కిలి బరువు. దానిని టైరులో దూర్చుటకు పట్టీలతో నొక్కి కుదింపవలసి యుండును. యుద్ధభూమికి పోవుట లేదు గదా, మాకెందు కని అందురు. చూచి రమ్మన్న కాల్చివచ్చినట్లున్నది ఈ పని. రన్‌ఫ్లాట్ పోయిన క్షణమున బీడ్‌లాక్ కూడ పోయినది. మిగిలినది రెండు ముక్కల రిమ్ము మాత్రమే. అందులో అపాయము మాత్రము నిలిచియున్నది, ప్రయోజనము వెడలిపోయినది. ఏ గుణము కొరకు చక్రమును కొన్నాడో దానినే తన చేతితో తీసి బయట పెట్టుకొన్నాడు.

బరువు తగ్గింపదలచినవాడు రన్‌ఫ్లాట్ స్థానమున వేరొక వలయము నుంచవలెను. కొందరు ఉక్కు వలయము వేయుదురు. మరికొందరు దళసరి ప్లాస్టికు గొట్టమునుండి కోసిన వలయము వేయుదురు. ఏది వేసినను దాని వెడల్పే ప్రాణము. ఉదాహరణకు, రిమ్ము వెడల్పు 8.25 అంగుళములు, ఒక్కొక్క బీడ్ మందము 1.25 అంగుళము లనుకొందము. రెండు బీడ్లకు 2.5 అంగుళములు పోగా నడుమ మిగులు చోటు 5.75 అంగుళములు. వలయము దీనికంటె రవ్వంత వెడల్పుగా నున్నపుడే బీడ్ రబ్బరు నొక్కుకొని బిగియును. మరీ వెడల్పైనచో రిమ్ము ముక్కలు రెండును కలియవు, గాలి కారును, బోల్టులు వంగును. ఇరుకైనచో బిగింపే యుండదు. టైరు టైరునకు బీడ్ మందము మారును గనుక, ఒక టైరునకు కోసిన వలయము మరొక టైరునకు సరిపడునని నమ్మరాదు. టైరు మార్చినపుడెల్ల కొలత తిరిగి తీయవలెను.

రెండవ మార్పు, మధ్యపళ్లెము స్థానమును జరుపుట. టైరు మధ్యరేఖ ట్రక్కు తయారుచేసినవారు ఉంచిన చోటికే రావలెనని గురి పెట్టుకొనుట మంచిది. అంతకంటె వెలుపలికి వచ్చినచో బేరింగులపై భారము పెరుగును, స్టీరింగు బరువెక్కును. దీనికి రెండు మార్గములు కలవు. హబ్బునకు చక్రమునకు నడుమ దళసరి స్పేసరు పళ్లెము బిగించుట ఒకటి. పాత మధ్యపళ్లెమును కోసివేసి క్రొత్తదానిని వేరొక చోట వెల్డింగు చేయుట రెండవది. మొదటిది చూచుటకు సులభము. కాని బోల్టుల వరుస ఒకటి అదనముగా చేరును, దానిని మాటిమాటికి పరీక్షించుచుండవలెను. రెండవది నిపుణుల పని. చక్రము వంకర లేకుండ తిరుగుచున్నదా యని డయలు గేజితో చూచి, అతుకు పెట్టి, మరల చూడవలెను. ఇంటి వెనుక పెరటిలో చేయదగిన పని గాదు.

ఇందు ఒక నియమము నెన్నటికిని దాటరాదు. టైరు ఎక్కియున్న చక్రమునకు, అందు గాలి లేకున్నను సరే, నిప్పు తగిలింపరాదు. వేడికి లోపలి రబ్బరు ఆవిరులుగా మారి అంటుకొని, టైరు బాంబువలె ప్రేలును. వాల్వు తీసియున్నది గదాయని ధైర్యపడినవారు గూడ ప్రాణములు గోల్పోయిరి.

ఇపుడు మొదట చెప్పిన గాలి శక్తిని లెక్క గట్టి చూతము. హంవీ టైరు వెలుపలి వ్యాసము 37 అంగుళములు, రిమ్ము వ్యాసము 16.5. ఈ రెండు వృత్తముల నడుమనున్న ప్రక్కగోడ వైశాల్యము సుమారు 860 చదరపు అంగుళములు. ఒత్తిడి 30 పౌన్లే యనుకొన్నను, ఆ గోడను లోపలినుండి బయటకు త్రోయు బలము మొత్తము 25,800 పౌన్లు; అనగా పదకొండున్నర టన్నులకు పైబడినది. ఇందు పెద్ద భాగము బీడ్ ద్వారా రిమ్మును చేరి, రెండు ముక్కలను విడదీయ జూచుచుండును. దానిని ఆపుచున్నవి ఆ బోల్టులు మాత్రమే.

అట్టి చక్రమునకు రెండు వరుసల నట్టులుండును. ఒక వరుస చక్రమును హబ్బునకు బిగించును. రెండవది రిమ్ము ముక్కలను కలిపియుంచును. జీపు కాంబాట్ చక్రమున మొదటివి 5, రెండవవి 8. పంక్చరైన చక్రమును విప్పబోయి, తొందరలోనో చీకటిలోనో తెలియకనో రెండవ వరుసను విప్పినవాడు తన మీదికి తానే ఫిరంగి ప్రేల్చుకొన్నట్లగును. బ్రిటిషు సైన్యమువారు ఇట్టి చక్రముల రిమ్ము నట్టులకు ఎర్రరంగు పూయుట ఈ పొరపాటును నివారించుటకే. సైన్యమునుండి చక్రము కొన్నవాడు ఆ రంగును గీకివేసి, అందమునకై నల్లరంగు వేయుట చూచితిని. రంగు మార్చదలచినచో మార్చుడు; కాని ఆ నట్టులు మాత్రము ఎర్రగానే ఉండనిండు. మీరు లేని సమయమున దానిని విప్పువాడు వేరొకడు కావచ్చును గదా!

అమెరికాలో కార్మికుల రక్షణ చూచు ప్రభుత్వశాఖ 1980లో ముక్కల రిమ్ములను గూర్చి నియమములు చేసినది; 1984లో వాటిని ఒంటి రిమ్ములకును విస్తరించినది. వాటి సారము సులభము. విప్పుటకు ముందు వాల్వు పిన్ను తీసి గాలి పూర్తిగా పోనీయవలెను. పగిలిన, వంగిన భాగములను అతికి వాడరాదు. గాలి నింపునపుడు చక్రమును ఇనుప పంజరములో నుంచి, పొడవైన గొట్టముతో దూరమునుండి నింపవలెను. ఎదుట నిలువరాదు. ఈ నియమములు పెద్ద వాహనముల చక్రములను బాగుచేయు కార్ఖానాల నుద్దేశించినవి. ఇంటివద్ద పని చేసికొనువానికి చట్టము వర్తింపకపోవచ్చును. కాని ఆ భేదము ఇనుమునకు తెలియదు.

ఇంకొక్క మాట. ఎడారి దాటి రహదారి ఎక్కగానే గాలి తిరిగి నింపవలెను. బీడ్ బిగిసియున్నది గదాయని మెత్తని టైరుతో వేగముగా పోయినచో, ప్రక్కగోడ మాటిమాటికి మడతపడి, వేడెక్కి, చినుగును. బీడ్‌లాక్ టైరును ఊడనీయదు గాని, చిరుగకుండ కాపాడజాలదు. గాలి నింపు యంత్రము వెంట లేనివాడు గాలి తీయుటకే అర్హుడు గాడు.

మన దేశమున ఇట్టి మార్పులు చేయదలచినవారు 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ విభాగమును చూడవలెను. తయారీదారు నిర్ణయించినదానికి భిన్నముగా వాహనమును మార్చుట దాని ప్రకారము నిషిద్ధము. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడ ఈ విషయమును స్పష్టము చేసినది. కావున మన రహదారులపై నడచు బండికి ఇట్టి ప్రయోగములు చేయుటకు ముందు రవాణా శాఖవారిని సంప్రదించుట యుక్తము.

నన్నడిగిన యువకునకు నేను చెప్పిన సమాధాన మిది: ఆ చక్రములు మంచివే. సైనికుని ప్రాణమును కాపాడుటకై ఆలోచించి చేసినవి. వాటిలోని ప్రతి బోల్టునకు, ప్రతి వలయమునకు ఒక కారణము కలదు. ఆ కారణము తెలియకుండ దేనిని తీసివేయకుము. తెలిసిన పిమ్మట ఏది మార్చినను భయము లేదు. చౌకగా వచ్చినదానికి మిగిలిన వెలను మనము జాగ్రత్త రూపమున చెల్లింపవలెను.

అతడు నెలనాళ్ల తరువాత జాబు వ్రాసెను. చక్రములను నాలుగింటిని కొన్నాడట. ఒకదానిలో పగులు కనబడగా పాత ఇనుము క్రింద అమ్మివేసి, మరియొకటి వెదకుచున్నాడట. గాలి పట్టించునపుడు పిల్లలను ఇంటిలోనికి పంపివేయుచున్నాడట. వాళ్లు తనను కోపిష్ఠి యనుకొనుచున్నారని వ్రాసెను. అనుకొననిమ్ము, మా ఊరి మేస్త్రిని గూర్చి మేమును అట్లే యనుకొంటిమని బదులు వ్రాసితిని.